నివాసయోగ్యమైన వాడ : ఒక సుమతిపద్యమును గూర్చిన పునర్విచారము

సుమతిశతకమున నివాసమునకు తగిన యూరి లక్షణములను జెప్పు కందపద్యమొకటి కలదు. తెలుగునాట బడికి పోయినవారిలో దానిని వల్లింపనివారు అరుదు. అవసరమునకు ఋణమిచ్చు ధనవంతుడు, వైద్యుడు, ఏడాది పొడవునను ఎండని యేఱు, ద్విజుడు అను నాలుగును సమకూడిన యూర నివసింపుమనియు, సమకూడని యూరిలో అడుగే యిడవలదనియు దాని తాత్పర్యము. నేను చూచినంతవరకు వ్యాఖ్యాతలు ఈ పద్యమునకు ‘లోకజ్ఞత’ యను నొక్క మాట వ్రాసి ముందునకు సాగిపోయిరి. శైలీసౌలభ్యమునకు ఉదాహరణముగా దీనిని పేర్కొన్నవారు కలరు. విచారింపదగిన వస్తువుగా ఎంచినవారు కనబడరు.

నేనును ఏండ్ల తరబడి అట్లే సాగిపోతిని. శతకవాఙ్మయము బోధించుచుండగా ఒక విద్యార్థిని లేచి, “ఇది మా కాలనీలో ఇండ్ల స్థలములమ్మువారు పంచిన కరపత్రమువలె నున్నది; అందును బ్యాంకు ఋణము, ఆసుపత్రి, నీళ్ళు, బడి అనియే వ్రాసియున్నది” అనెను. తరగతి నవ్వినది. నేనును నవ్వితిని. కాని యింటికి పోవు దారిలో ఆ మాట నన్ను విడువలేదు. ఏడు వందల యేండ్ల నాటిదని చెప్పబడు నీతిపద్యమునకును, నగరోపాంతమున స్థలమమ్మువాని కరపత్రమునకును భేదమేమి? భేదము లేనియెడల పద్యమును నీతియని యేల బోధించుచున్నాము? ఈ వ్యాసము ఆ ప్రశ్ననుండి పుట్టినది.

ముందుగా మూలవిచారము. చాణక్యనీతి ప్రథమాధ్యాయమున ఇట్టి భావముగల శ్లోకమొకటి కలదు. ధనికుడు, శ్రోత్రియుడు, రాజు, నది, వైద్యుడు అను నైదును లేనిచోట ఒక్క దినమైనను వసింపరాదని దాని యర్థము. తెలుగుపద్యమునకు ఇదియే మూలమని తఱచుగా అనుకొనబడుచున్నది. కాని లెక్క కుదురదు. అచట ఐదు, ఇచట నాలుగు. అచట రాజు కలడు, ఇచట లేడు. శతకకర్త బద్దెన యనియు, ఆతడు భద్రభూపాలుడను పాలకుడనియు చెప్పు సంప్రదాయము నిజమైనచో, రాజు తన జాబితాలో రాజును మఱచుట వింతగా నుండును. నారాయణపండితుని హితోపదేశమున మిత్రలాభప్రకరణమందు వేఱొక శ్లోకమున్నది. అందు చెప్పబడినవి నాలుగే: ఋణదాత, వైద్యుడు, శ్రోత్రియుడు, సజలమైన నది. తెలుగుపద్యములోని నాలుగింటిని దీనితో పోల్చిచూచిన సంఖ్యయు సరిపోవును, రాజు లేకుండుటయు సరిపోవును. అన్నిటికంటె ముఖ్యముగా, చాణక్యుని ‘ధనికుడు’ కాక హితోపదేశపు ‘ఋణదాత’యే తెలుగున అనువదింపబడినాడు. ధనికుడందఱకును అప్పు పెట్టవలెనను నియమము లేదు. ఊరికి వలసినది ధనము కాదు, ధనము చేతులు మాఱుట యను సూక్ష్మమును గ్రహించినది హితోపదేశశ్లోకము. దానిని నిలుపుకొన్నది తెలుగుపద్యము.

ఇచట ఒక జాగ్రత్త అవసరము. హితోపదేశపు వ్రాతప్రతులలో ప్రాచీనతమమైనది 1373 నాటిది. గ్రంథము అంతకు పూర్వపుదే కాని ఎంత పూర్వపుదో నిశ్చయము లేదు. సుమతిశతకకర్తృత్వమే వివాదగ్రస్తము. పైగా నారాయణపండితుడు తన శ్లోకములలో పెక్కింటిని పూర్వగ్రంథములనుండి సంకలించినవాడు. స్టెర్న్‌బాఖ్ 1960లో ప్రకటించిన మూలపరిశోధన ఈ విషయమును విస్తరముగా నిరూపించినది. కావున తెలుగుకవి హితోపదేశమునే చదివెనో, ఆ శ్లోకము విడిగా లోకమున సంచరించుచుండగా వినెనో చెప్పజాలము. చాణక్యశ్లోకము కాక చతుష్టయశ్లోకమే మాతృక యనుమాత్రము చెప్పవచ్చును. నా వాదమునకు అంతయే చాలును.

ఆ శ్లోకము హితోపదేశమున ఎవరి నోట, ఏ సందర్భమున పలుకబడినదో చూడవలెను. పలికినది హిరణ్యకుడను మూషికము. దాని మిత్రుడు లఘుపతనకుడను కాకి యొకనాడు, ఈ ప్రదేశమున ఆహారము దొరకుట కష్టమైనది, వేఱొక చోటికి పోయెదననును. హిరణ్యకుడు మొదట ఒప్పుకొనడు. స్థానము తప్పిన దంతములు, కేశములు, నఖములు, నరులు శోభింపరనియు, బుద్ధిమంతుడు స్వస్థానమును విడువరాదనియు నీతి చెప్పును. కాకి యది పిఱికిమాట యని త్రోసిపుచ్చి, దండకారణ్యమందు కర్పూరగౌరమను కొలను కలదనియు, అచట మంథరుడను కూర్మము తనకు చిరమిత్రుడనియు, ఆతడు తన్ను పోషించుననియు చెప్పును. అంతట హిరణ్యకుడు, ఇక నే నిచట నుండి చేయునదేమి యని ప్రశ్నించి, ఇట్టి దేశమున వసింపరాదు, అట్టి దేశమున వసింపరాదు అని వరుసగా శ్లోకములు చదివి, కడపట చతుష్టయశ్లోకమును చెప్పి, కావున నన్నును అచటికి గొనిపొమ్మని ముగించును.

ఈ ఘట్టమును మరల మరల చదివినకొలది దాని చమత్కారము హెచ్చుచున్నది. కొన్ని క్షణముల క్రిందట స్థానము విడువరాదని శ్లోకము చదివిన యెలుకయే ఇప్పుడు విడువవలెనని శ్లోకము చదువుచున్నది. ఈ మధ్య ప్రపంచమున మాఱినదేదియు లేదు. మిత్రుడు పోవుట నిశ్చయమైనది, అంతే. ఎలుకకు ఋణదాతతో పనియేమి? శ్రోత్రియుని పిలిచి యది చేయించు కర్మ యేమి? పోవుచున్న కొలనియొద్ద ఈ నాలుగింటిలో జలముతప్ప తక్కిన మూడును లేవు. అనగా హిరణ్యకుడు చదివిన జాబితా ఆతని నిర్ణయమునకు కారణము కాదు. నిర్ణయమైన పిమ్మట దానికి తొడిగిన చొక్కా. అసలు కారణము స్నేహము. నారాయణపండితుడు దానిని పైకి చెప్పలేదు. కథను నడపి చూపినాడు. తరువాత ఆ కొలనియొద్ద జరిగినదేమి? మంథరుడు వేటకానికి చిక్కినప్పుడు లేడి చచ్చినట్లు పడియుండుట, కాకి దానిని పొడుచుచున్నట్లు నటించుట, ఎలుక బంధములు కొఱుకుట - వీటివలన ఆతడు బ్రదికినాడు. ఆ చోటు సురక్షితమైనది కాదు. సురక్షితము చేసినది ఇరుగుపొరుగు. 1853లో వెలువడిన చిన్నయసూరి నీతిచంద్రికవలన ఈ స్నేహితుల కథ తెలుగువిద్యార్థులకు చిరపరిచితము. అయినను, ఆ కథలోని శ్లోకమునే తాము శతకమున వల్లించుచున్నామని వారెఱుగరు, మేమును చెప్పము.

శ్లోకమున ‘మిత్ర’ యను సంబోధన యున్నది. అది మిత్రుడు మిత్రునితో పలికిన మాట. తెలుగుపద్యమున ఆ స్థానము మకుటమునది. ‘మిత్ర’ పోయి ‘సుమతి’ వచ్చినాడు. శతకనియమము ననుసరించి ఇది తప్పనిసరియే. కాని ఫలితమును గమనింపవలెను. మిత్రునకు చెప్పిన మాటలో, నీవెచట నుందువో నేనచట నుందునను భావము ఇమిడియున్నది. సుమతి యెవడు? బుద్ధిమంతుడైన యెవడైనను. ఆతనికి స్నేహితులు కలరో లేరో పద్యమునకు తెలియదు. ఒంటరివాడొకడు ఊరూరును తిరిగి, ఇది కలదా అది కలదా యని సరిచూచుకొనుచున్న చిత్రము పద్యమున మిగిలినది. ముక్తకముగా మాఱినప్పుడు శ్లోకము కోల్పోయినది దాని పరిహాసమును, దాని ప్రేమను గూడ.

తెలుగుకవి కేవలము కోల్పోయినాడనుట న్యాయము కాదు. కొన్ని మార్పులు ఆతని సొంత తెలివిని చూపుచున్నవి. మూలమున నది ‘సజల’మైనచో చాలును. తెలుగున ఆ నీరు ఎల్లకాలమును తెగక ప్రవహింపవలెను. గంగాతీరమున నదికి నీరుండుట విశేషణముతో పోవు విషయము. దక్కనుపీఠభూమిపైని వాగులు శ్రావణమున పొంగి మాఘమునకు ఇసుకపఱ్ఱలగును. ఇచ్చటివానికి నీరున్నదనుట చాలదు, వేసవియందును ఉన్నదా యని యడుగవలెను. శ్రీనాథునివిగా ప్రసిద్ధములైన పల్నాటి చాటువులలో నీటికొఱత, జొన్నకూడు ఎట్టి చిఱాకును పుట్టించినవో తెలిసినవారికి ఈ సవరింపు విలువ తెలియును.

మఱియొక మార్పు ఇంత మెచ్చదగినది కాదు. మూలములోని ‘శ్రోత్రియుడు’ తెలుగున ‘ద్విజుడు’ అయినాడు. ఛందస్సును అధ్యయనము చేయువాడు శ్రోత్రియుడని పాణిని. అది చదువును బట్టి వచ్చిన పేరు. ద్విజత్వము పుట్టుకను, సంస్కారమును బట్టి వచ్చునది. ఊరికి చదువుకొన్నవాడొకడు కావలెనను మాట, ఊరికి ఫలానా కులమువాడొకడు కావలెనను మాటగా మాఱినది. కందపద్యపు గణములు నిర్బంధించెనని సరిపెట్టుకొనవచ్చును; కాని కందమును అంత సునాయాసముగా నడపినవానికి వేఱు మాట దొరకదా? నేను కొంతకాలము తరగతిలో ‘ద్విజుడనగా ఇచట విద్వాంసుడు’ అని చెప్పి దాటవేసితిని. అది మూలమునకు సరియైన యర్థము, పద్యమునకు కాదు. ఒకదాని యర్థమును మఱియొకదానికి అంటగట్టి పద్యమును కాపాడుట వ్యాఖ్యాతపని కాదు.

ఇంతకును జాబితాలో గమనింపదగినదొకటి కలదు. నాలుగింటిలో మూడు మనుష్యులు. ఋణదాతృత్వము కాదు, ఋణదాత. వైద్యము కాదు, వైద్యుడు. అర్ధరాత్రమున తలుపు తట్టినచో లేచి వచ్చువాడు, ముఖము చూచి అప్పు పెట్టువాడు, ఇంటిలో శుభమో అశుభమో జరిగిన కబురుపెట్టదగినవాడు. కరపత్రమునకును పద్యమునకును భేదమేమన్న విద్యార్థినికి నేను ఆలస్యముగా చెప్పగలిగిన మొదటి సమాధానమిది: పద్యము మనుష్యులను లెక్కించినది, కరపత్రము భవనములను లెక్కించినది.

అయితే ఈ ‘సుమతి’ నిజముగా ఊరిని ఎన్నుకొనగలిగినవాడా? మన ప్రాచీనవాఙ్మయమున నివాసము ఎన్నుకొనబడునది కాదు, కేటాయింపబడునది. కౌటిల్యుని అర్థశాస్త్రము ద్వితీయాధికరణమున దుర్గనివేశమును జెప్పుచు ఏ వర్ణమువారు, ఏ వృత్తివారు పురమున ఏ దిక్కున నుండవలెనో నిర్ణయించి, పాషండులకును చండాలురకును శ్మశానాంతమును విధించినది. ప్రబంధములలోని పురవర్ణనలు ఈ విభాగమును అలంకారములతో పునరుక్తము చేసినవి. అల్లసాని పెద్దన వర్ణించిన అరుణాస్పదపురమున నాలుగు వర్ణములవారును ఎవరి స్థానమున వారు శోభిల్లుచుందురు. అద్దెయింటికై వెదకువాడు అందెవ్వడును లేడు. ప్రవరుడు ఊరు విడిచి హిమాలయమునకు పోయినను, పాదలేపము కరగినంతనే ఆతని చింత యంతయు ఇల్లు చేరుటను గూర్చియే.

క్రీడాభిరామము కొంత వేఱు. మంచనశర్మయు టిట్టిభసెట్టియు ఓరుగంటి వాడలన్నియు ఒక దినమున చుట్టివత్తురు. వీధివీధికి మాఱు జనమును, వాసనలను, ధ్వనులను ఇంత దగ్గఱగా చూచిన కావ్యము తెలుగున మఱియొకటి లేదనుట సాహసము కాదు. ఆ యిద్దఱును నగరమును తమ యిచ్ఛమెయి ఆస్వాదించినవారే. కాని వారు ఎన్నుకొన్నది పూట గడుపుటకు పూటకూటియింటిని, ప్రొద్దుపుచ్చుటకు వినోదమును. కాపురముండుటకు వాడను గాదు. వాడను నడచి చూచుట వేఱు, వాడలో నొకడగుట వేఱు.

తెలుగువాడు వాడను ఎన్నుకొనుట యను క్రియ విస్తృతముగా మొదలైనది ఇటీవలనే. దానికి రంగస్థలము నగరోపాంతము. నేనెఱిగిన హైదరాబాదు తూర్పుభాగమునే ఉదాహరణముగా తీసికొందును. ఉప్పలు, కాప్రా, మల్కాజిగిరి, లాల్‌బహదూర్ నగరు, గడ్డిఅన్నారము మొదలగునవి ప్రత్యేక పురపాలకసంఘములుగా నుండి, 2007లో మొత్తము పండ్రెండు సంఘములతోబాటు మహానగరపాలకసంస్థలో కలిసినవి. ఈ ప్రాంతపు నామములు పరిశీలించినచో పొరలు పొరలుగా చరిత్ర కనబడును. నామవిజ్ఞానమున కేతు విశ్వనాథరెడ్డి కడపజిల్లా ఊళ్ళపేర్లకు చేసిన కృషివంటిది నగరోపాంతమునకును జరుగవలసియున్నది. పాతపొరలో గూడ, పేట, పల్లి, కుంట. సికిందరాబాదులోని కుమ్మరిగూడవలె వృత్తికులమును చెప్పునవి కొన్ని. క్రొత్తపొరలో పురి, నగర్, కాలనీ. సైన్యమునుండి విరమించినవారికై వెలసినది సైనికపురి. 1967లో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ సంస్థ యుద్యోగులు నివసించు ప్రాంతము ఆ సంస్థను నెలకొల్పిన శాస్త్రజ్ఞుని పేర ఏ.ఎస్. రావు నగరు. ఇవికాక ఎన్.జి.ఓ. కాలనీలు, పోస్టల్ కాలనీలు, బ్యాంకు కాలనీలు ఎన్నియో. పూర్వము కులవృత్తిని బట్టి వాడకు పేరు. ఇప్పుడు జీతమిచ్చువానిని బట్టి పేరు. నగరమునకు పడమట కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఆదాయవర్గమే యింటి చిరునామాయైనది: అల్పాదాయ, మధ్యాదాయ, అధికాదాయములను దెలుపు ఎల్.ఐ.జి., ఎం.ఐ.జి., హెచ్.ఐ.జి. అను పొడియక్షరములు ఇంటిసంఖ్యకు ముందు నిలిచినవి. కౌటిల్యుడు దిక్కును బట్టి పంచినదానిని మండలి ఆదాయమును బట్టి పంచినది. బ్యాంకు కాలనీలో కాపురమున్నవాడు మాత్రము సుమతిపద్యములోని మొదటి నియమమును సంపూర్ణముగా పాలించినట్లే. ఋణదాతలే ఆతని ఇరుగుపొరుగు.

ఋణదాత విషయమున జరిగిన తలక్రిందులు ఇంకను విచిత్రము. పద్యమున మనుష్యుడు ఋణదాతయున్న యూరిని ఎన్నుకొనును. నేడు ఋణదాత మనుష్యుడుండవలసిన యూరిని ఎన్నుకొనుచున్నాడు. ఆమోదము పొందిన లేఅవుటునందుతప్ప బ్యాంకువారు అప్పు పెట్టరు. అప్పు లేక ఇల్లు కొనగల మధ్యతరగతివాడు అరుదు. కావున ఆతని వాడ ఆతడు చూడకమునుపే సగము నిర్ణయమైయుండును. ఇరువది యేండ్లు నెలనెలయు తీర్చు ఋణముతో కట్టువడినవాడు, పొరుగు నచ్చలేదని వేఱొక వాడకు పోవుట మాటలు కాదు. వైద్యుడును అట్లే ఆసుపత్రియైనాడు. శ్రోత్రియుడు ఆంగ్లమాధ్యమపు బడియైనాడు. వీనిని గూర్చి యింతకంటె చెప్పవలసినది లేదు, అందఱు నెఱిగినదే.

ఏటిని గూర్చి చెప్పవలసినది కలదు. నగరమునకు దిగువన నాగోలు దాటి పాఱు మూసీనది యిప్పుడు వేసవియందును ఎండదు. పద్యములోని లక్షణము అక్షరాల పట్టినది. కాని యది పాఱుచున్నది నగరము విడిచిన మురుగునీటితో. ఇట్లు లక్షణము నిలిచి లక్ష్యము నశించుట నీతిపద్యములకు తఱచు పట్టు గతియే. త్రాగుటకు నీరు దూరమునుండి గొట్టములలో వచ్చును: 1960లనుండి మంజీర, 2004నుండి కృష్ణ, 2015 చివరనుండి గోదావరి. అద్దెయింటికై వచ్చినవాడు మొదట అడుగు ప్రశ్న “కృష్ణానీళ్ళు వచ్చునా?” అనియే. ఏఱున్న యూరికి మనుష్యుడు పోవుట పోయి, మనుష్యుడున్న వాడకు ఏఱు రావలసివచ్చినది.

నీరు లేకపోవుటకంటె, నీరుండిన చోట ఇల్లుండుట నగరోపాంతమున పెద్ద యాపద. పద్యకర్త దీనిని ఊహింపలేదు. ఆతని కాలమున చెఱువు శిఖములో ఇల్లు కట్టు వెఱ్ఱివాడుండడు. 1908 సెప్టెంబరు 28న మూసీ వఱద నగరమున వేలమందిని బలిగొన్న పిమ్మట 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు నిర్మింపబడి నదికి కొంత అదుపు కలిగినది. నదికి కలిగిన అదుపు చెఱువులకు కలుగలేదు. 2020 అక్టోబరు వానలలో బాలాపురపు గుఱ్ఱంచెఱువు కట్ట తెగి దిగువ బస్తీలను ముంచినది. సరూర్‌నగరు చెఱువు దిగువ కాలనీలు దినములతరబడి నీటిలో నానినవి. నల్లకుంట, తలాబ్‌కట్ట, మాసబ్‌టాంకు - ఈ పేర్లలో నీటిజ్ఞాపకము ఇంకను మిగిలియున్నది. మాసబ్‌టాంకున మాసాహెబా తటాకమే దాగియున్నదని పేరును విడదీసి చూచినవారికే తెలియును. క్రొత్త కాలనీలకు పేరు పెట్టువారు మాత్రము కుంటను, చెఱువును తుడిచివేసి దేవతల పేర్లను, పూవుల పేర్లను, ఆంగ్లపు ‘ఎన్‌క్లేవు’లను అతికించుచున్నారు. పేరు మాఱినంతమాత్రమున పల్లము మెరక కాదు. ఊళ్ళపేర్ల పరిశోధన ఉద్యోగమునకు పనికిరాని పాండిత్యమని మన విద్యార్థులు భావించుచుందురు; ఇల్లు కొనబోవు కుటుంబమునకు రెవెన్యూ పటములోని పాతపేరును చదివి చెప్పగలవానికంటె ఉపకారి యెవడు?

ఇక పద్యపు ఉత్తరార్ధము. మూలశ్లోకము ‘వసింపరాదు’ అనినది. తెలుగుకవి ఒక యడుగు ముందునకు వేసి ‘ప్రవేశింపనే వలదు’ అను నర్థము వచ్చు క్రియ వేసినాడు. అందము హెచ్చినది, బిగువు హెచ్చినది. కాని ఈ నిషేధమును తెలుగునేలపై వినిన చెవులు రెండు విధములు. ఒకడు ‘ఈ యూరిలో నాకు కావలసినది లేదు, నేను చొరను’ అనగలవాడు. మఱియొకనిని ఊరే ‘నీవు చొరవలదు’ అనినది. శతకమున మాటాడుచున్నది మొదటివానితో మాత్రమే. రెండవవాని వాడనుండి ఊరిని చూపించుటకు మన నవలకు 1922 వఱకు, ఉన్నవ లక్ష్మీనారాయణ మాలపల్లి వెలువడువఱకు కాలము పట్టినది. ఊరు, పల్లె యను రెండు మాటలు భూగోళమును కాక మర్యాదను సూచించునవని ఆ గ్రంథనామమే చెప్పుచున్నది. 1941 నాటి జాషువ గబ్బిలమున నాయకుడు తన మొఱను శివునికి విన్నవించుటకు పక్షిని కాదు, గబ్బిలమును ఎన్నుకొన్నాడు. మనుష్యుడు చొరరాని గుడిలో అది యిచ్ఛవచ్చినట్లు కాపురముండును. నివాసమును స్వేచ్ఛగా ఎన్నుకొనగలిగినది ఆ కావ్యమున గబ్బిలమొక్కటియే. ఈ రెండు గ్రంథములను సుమతిపద్యమునకు వ్యాఖ్యానములుగా ఎవరును చదువలేదు. చదువవలెనని నా మనవి.

ఇది గతించిన కథ యనువారికొఱకు ఒక్క విషయము చెప్పెదను. నా పర్యవేక్షణమున పరిశోధనము చేసిన విద్యార్థి యొకడు, అప్పటికే కళాశాలలో ఉద్యోగి, ఉప్పలు ప్రాంతమున అద్దెయింటికై వెదకుచు నన్ను వెంట రమ్మనెను. మెట్రో రైలు వచ్చిన క్రొత్త. ఇండ్లకు గిరాకి హెచ్చిన కాలము. ఒక యింటికి టులెట్ పలక వ్రేలాడుచున్నది. ఇంటి యజమానురాలు మర్యాదగా కూర్చుండబెట్టి మంచినీళ్ళిచ్చినది. అద్దెయు, అడ్వాన్సును కుదిరినవి. పిమ్మట ఆమె అడిగిన ప్రశ్నలు నాకిప్పటికిని జ్ఞాపకమున్నవి: “మీ ఇంటిపేరేంటి బాబూ? ఏ ఊరు మీది? ఊళ్ళో మీ ఇల్లు ఎక్కడొస్తుంది?” కులము పేరు ఆమె యెత్తలేదు. ఎత్తవలసిన పనియు లేదు. పుట్టిన యూరిలో వాని యిల్లు ఏ వాడలో నున్నదో తెలిసినచో నగరమున ఏ వాడలో నుండరాదో తెలిసిపోవును. అతడు దాపఱికము లేక చెప్పినాడు. “మా అబ్బాయిని అడిగి ఫోన్ చేస్తానండీ” అని ఆమె లేచినది. ఆ ఫోను రాలేదు. నేను బస్సులో పోవునప్పుడెల్ల చూచుచుంటిని, ఆ పలక మఱి రెండు మాసములు అట్లే వ్రేలాడినది. నేనుకూడ ఆనాడు ఆమెతో నొక్క మాటైనను అనలేదు. ఆచార్యుడు ప్రక్కన కూర్చుండి మౌనము వహించుటను నా విద్యార్థి యెట్లు తీసికొనెనో నేనడుగలేదు.

తుదకు అతనికి ఇల్లు దొరకినది ఒక సహాధ్యాయి మూలమున. ఆ స్నేహితుడు తానున్న యింటి పైయంతస్తు కాళీ అగువఱకు ఆగి, యజమానితో తానే మాటాడి, ఇతనిని రప్పించుకొన్నాడు. ఆసుపత్రి దూరము, మంచినీరు దినము విడిచి దినము వచ్చును, బడి సంగతి చెప్పనక్కఱ లేదు. జాబితాను బట్టి చూచినచో అది చొరదగిన వాడ కాదు. అతడక్కడ ఏండ్లుగా నున్నాడు. ఆ వీధిలో ఎవరికి జ్వరము వచ్చినను తోడు పోవువాడు ఇప్పుడతడే యని విన్నాను.

పదమూడవ శతాబ్దివాడని చెప్పబడు కవిని నేటి విలువలతో కొలుచుట అనుచితమని ఆక్షేపింపవచ్చును. నేను కొలుచుచున్నది కవిని కాదు, మన బోధనను. ఆతడు తన కాలపు గృహస్థునకు ఉపయోగించు మాట చెప్పినాడు. నీటిని గూర్చి మూలముకంటె మేలుగా చెప్పినాడు. దానిని సర్వకాలసర్వజనసామాన్యమైన నీతియని తరగతిలో నిలువబెట్టినవారము మనము. పద్యము క్రింద ‘చాణక్యనీతికి అనువాదము’ అని వ్రాయుట మానవలెను. హితోపదేశశ్లోకమును, అది హిరణ్యకుని నోట వెలువడిన సందర్భమును చూపవలెను. శ్రోత్రియుడు ద్విజుడైన మార్పును దాపక చెప్పవలెను. శతకమును బోధించు వారమున మాలపల్లి తొలి ప్రకరణములను గూడ చదివింపగలిగినచో మఱియు మంచిది. పాఠ్యప్రణాళిక అందుకు అడ్డురాదు. నేను గత సంవత్సరమునుండి అట్లు చేయుచున్నాను. కరపత్రమును తెచ్చిన విద్యార్థిని యిప్పుడు ఉప్పలు, కాప్రా మండలములలోని కుంటల పేర్లను సేకరించుచున్నది. ఇంతవఱకు ఆమె వ్రాసికొన్న పేర్లలో పెక్కింటికి నేలమీద నీరు లేదు, ఇండ్లున్నవి.